పిల్లల చెయ్యి పడకుండా పిల్లల బొమ్మలు చేయడం ఎలా?

ఉగాది మొదలు రథసప్తమి దాకా, కృష్ణా డెల్టా తల్లిదండ్రులకు తిరుగులేని చిట్కాలు

రాత్రి తొమ్మిదిన్నర. అన్నాలయ్యాయి, పక్కలు పరిచారు, బెజవాడ పటమటలో ఫ్యాన్సీ షాపు షట్టరు సగం దిగింది. సరిగ్గా అప్పుడే రెండో తరగతి చదివే పిల్లకు గుర్తొస్తుంది: "అమ్మా, రేపు మట్టి వినాయకుణ్ని చేసి తీసుకురావాలంట." బడికెళ్లే పిల్లలున్న ఇంటికి ఏడాదిలో నాలుగైదుసార్లు ఈ రాత్రి తప్పదు. చవితికి వినాయకుడు, దీపావళికి ప్రమిద, సంక్రాంతికి గాలిపటం, ఉగాదికి తోరణం. పండగ పేరు మారుతుంది గానీ గుండెదడ మారదు.

ఆ దడ తగ్గించడానికే ఈ చిట్కాలు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకు బాగా పనికొస్తాయి. అన్నిటికీ మూలసూత్రం ఒకటే: బొమ్మ పిల్లల పేరు మీద ఉండాలి, పని పెద్దల చేతిమీదుగా జరగాలి. బినామీ ఆస్తి కొన్నట్టే. పేరున్నవాడికి ఆస్తి ఎక్కడుందో తెలియక్కర్లేదు.

1. సరంజామా

ముందు బీసెంట్ రోడ్డుకు వెళ్లి థర్మోకోల్ షీట్లు, మెరుపుల పొడి, రంగు చార్టులు, వేడి జిగురు తుపాకీ కొనండి. జిగురు తుపాకీ తప్పనిసరి. అది చెయ్యి కాలుస్తుంది కాబట్టి పిల్లల్ని పనికి ఆమడ దూరంలో ఉంచడానికి అంతకన్నా మర్యాదైన కారణం దొరకదు.

పెరట్లో దొరికేది ఏదీ సరంజామా కాదని గుర్తుంచుకోండి. కొబ్బరి ఈనె, తాటాకు, చింతగింజ, అరటి డొప్ప, పాత క్యాలెండరు, ఖాళీ అగ్గిపెట్టె అన్నీ చెత్త కిందే లెక్క. అరవింద్ గుప్తా అని ఒకాయన ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, 1970ల చివర్లో హోషంగాబాద్ పల్లె బళ్లకు వెళ్లి, అగ్గిపుల్లల్ని సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి పిల్లల చేత త్రికోణాలూ చతురస్రాలూ కట్టించారు. అలా చెత్తతో బొమ్మలు చేయించుకుంటూ పోయి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మాట వేరు. ఆయనకు మీ హాల్లో పరిచిన టైల్స్ తుడిచే బాధ లేదు.

2. ఉగాది: తోరణం

మామిడాకు తొడిమ దగ్గర మడిచి, ఈనె ముక్క గుచ్చి పురికొసకు తగిలించడం నాలుగేళ్ల పిల్లకు వచ్చే పని. అందుకే జాగ్రత్త. ఆ పిల్ల కట్టిన తోరణంలో ఒకచోట మూడాకులు గుంపుగా, ఇంకోచోట జానెడు ఖాళీ, రెండాకులు వెనక్కి తిరిగి ఉంటాయి. గుమ్మానికి అది కడితే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? ప్లాస్టిక్ తోరణం కొనేయండి. వాడదు, రాలదు, పై ఏడాదికీ అదే.

వేపపువ్వు కాడల నుంచి దూయడం కూడా పిల్లలకు అప్పగించవద్దు. దూస్తూ దూస్తూ ఒక పువ్వు నోట్లో వేసుకుంటారు. పచ్చడి ఎందుకు చేదుగా ఉంటుందో మీరు ఉపన్యాసం చెప్పకముందే వాళ్లకు తెలిసిపోతుంది.

3. ఎండాకాలం: ముంజకాయ బండి

ఏడాది మొత్తంలో ఇదే గడ్డుకాలం. కంకిపాడు, ఉయ్యూరు వైపు బందరు రోడ్డు పక్కన ముంజల గెలలు కనబడగానే మెలకువగా ఉండండి. ముంజలతో భయం లేదు, ముంజలు తిన్నాక మిగిలే కాయతోనే. పైన చెక్కి, మూడు కళ్లలోనూ బొటనవేలు పెట్టి తోడుకు తిన్నాక ఆ కాయను పారేయబుద్ధి కాదు పిల్లలకు. అలాంటివి రెండు దొరికితే చాలు. ఒక పుల్ల తీసుకుని ఆ చివర ఒక కాయకూ ఈ చివర ఒక కాయకూ నడిబొడ్డున గుచ్చుతారు. అది ఇరుసు. పొడుగాటి పంగల కర్ర వెతికి, పంగను ఇరుసు మీద ఆనించి తోస్తారు. బండి బయల్దేరుతుంది.

పైసా ఖర్చు లేదు, బ్యాటరీ లేదు, సూచనల కాగితం లేదు. అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. రెండు కాయల్లో ఒకటి చిన్నదైతే బండి నేరుగా పోదు, చిన్న కాయ వైపుకే తిరిగిపోతుంది. పిల్లవాడు రెండుసార్లు గోడకు కొడతాడు, మూడోసారి ఆగుతాడు, కిందికి వంగి రెండు కాయల్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. చిన్నదాన్ని పీకి, ముంజలబ్బాయి దగ్గరకు పరిగెత్తి ఇంకోటి ఏరుకొస్తాడు. ఎవరూ చెప్పకుండానే ఆరేళ్లవాడు ఇంత పని చేస్తే, రేపు వాడికి చక్రాల పాఠం చెప్పే మాస్టారు ఏం కావాలి? కాబట్టి ముంజలు ఒలిపించి డబ్బాలో వేయించుకుని ఇంటికి తెచ్చేయండి. వాడికి రిమోటు కారు కొనివ్వండి. అది ఎప్పుడూ నేరుగానే పోతుంది, పాడయ్యేదాకా.

వేసవి సెలవులకు దివిసీమలోనో గుడివాడ పక్కనో ఉన్న అమ్మమ్మగారి ఊరికి పంపడం అసలే కూడదు. అక్కడ ఊరికే కూర్చోవడం చేతకాని తాతయ్యలుంటారు. కొబ్బరాకు పాయను మెలి తిప్పి బూర చేసిస్తారు, చేతికి గడియారం కడతారు, పాము అల్లుతారు. రెండు తాటాకు ముక్కల్ని మడిచి తుమ్మముల్లుతో పుల్లకు గుచ్చి గాలిమర చేసిస్తారు. నిలబడితే అది తిరగదు, పరిగెత్తాలి. పిల్లలు ఎండలో ఊరంతా పరిగెత్తుతారు. మూడోనాటికి తాతయ్యతో పని లేకుండా వాళ్లే చేసుకోవడం మొదలుపెడతారు. తాతయ్య పరువేం కాను? నగరంలో వేసవి శిబిరానికి డబ్బు కట్టి చేర్పించండి. ముందే కత్తిరించి ఉంచిన ఆకు బొమ్మకు ఆకుపచ్చ రంగు వేయిస్తారు. ఆకుకు ఆకుపచ్చ కాక ఇంకో రంగు వేస్తే దిద్దుతారు కూడా.

4. వానాకాలం: పడవ, బెండకాయ

బెజవాడ నడిబొడ్డు నుంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పారుతున్నాయి. 1855లో కృష్ణకు ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి ఈ డెల్టా బతుకంతా కాలవల మీదే నడుస్తోంది. ఇలాంటి చోట పుట్టిన పిల్లలు వాన పడగానే కాగితం అడుగుతారు. మామూలు పడవతో ఊరుకోరు, కత్తిపడవ కావాలంటారు. మీకు కత్తిపడవ మడత గుర్తు లేకపోతే ఆ సంగతి పైకి తేలనివ్వకండి. "జలుబు చేస్తుంది, లోపలికి రా" అంటే సరిపోతుంది.

ఒక మెలిక ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు నిజం పడవలెక్కి బయటపడ్డ పిల్లలు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్లలో ఎవరైనా కాగితపు పడవలో చీమనో, బటానీ గింజనో కూర్చోబెట్టి "వీళ్లను ఒడ్డుకు తీసుకెళ్తున్నా" అని ఆడుకుంటుంటే వెంటనే మాట మార్చండి. పక్కన కూర్చుని "ఎంతమందున్నారు? అందరూ ఎక్కారా?" అని అడిగారనుకోండి, వాడు ఇన్నాళ్లుగా లోపల దాచుకున్నదంతా చెప్పేస్తాడు. అదంతా వినే తీరిక మనకెక్కడిది?

వానకు ఇంట్లోనే ఉండిపోతే ఇంకో గండం, బెండకాయ. ముదురు బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద ఒత్తితే పువ్వు పడుతుంది. అంతటితో ఆగరు. పాత దుప్పటి మీద ఒత్తుతారు, గోడ మీద ఒత్తుతారు. మన పెడనలో కలంకారీవాళ్లు చేసేదీ ఈ అచ్చుపనే. టేకు చెక్కలో చెక్కిన అచ్చులు, కరక్కాయా గేదెపాలూ పట్టించిన గుడ్డ, ఇనుప ముక్కలు బెల్లంనీళ్లలో పులియబెట్టి తీసిన నల్ల రంగు. పిల్లలకు ఆ పని చూపించడానికి పెడన తీసుకెళ్తే ఇంటికొచ్చి బెల్లంనీళ్లలో మేకులు నానబెడతారు. అందుకే పెడన వెళ్లినా చీర కొనుక్కుని తిరిగొచ్చేయండి. బెండకాయలన్నీ వేపుడులోకే పోవాలి.

5. వినాయక చవితి: మట్టి ముద్ద

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించాక మన బళ్లన్నీ మట్టి మీద పడ్డాయి. మంచిదే. కానీ మట్టి అంటే నిజంగా మట్టే తెస్తే ఎలా? కాలవగట్టు నల్లమట్టి తెచ్చి, రాళ్లేరి, నానబెట్టి, రొట్టెపిండిలా పిసికేసరికి పిల్లలు మోచేతుల దాకా మునిగిపోతారు. ఆ గంట వాళ్ల నోట మాట ఉండదు. ఇంత నిశ్శబ్దం ఇంటికి మంచిది కాదు.

వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందన్న సామెత మనవాళ్లు ఊరికే పుట్టించలేదు. పిల్లల వినాయకుడి పొట్ట తలకు మూడింతలుంటుంది. చెవులు చేటలంత ఉంటాయి, అవి మాత్రం శాస్త్రోక్తమే. తొండం తెల్లారేసరికి ఊడిపోతుంది. ఎందుకంటే సన్నగా ఉన్న తొండం ముందు ఎండి కుదించుకుపోతుంది, లావు పొట్ట ఇంకా తడిగానే ఉంటుంది, రెండిటికీ అతుకు దగ్గర బీటలు పడతాయి. అతికించే రెండు చోట్లా పుల్లతో గీతలు గీకి, జారుగా కలిపిన మట్టి రాసి అద్ది, నీడలో ఆరబెడితే నిలుస్తుంది. ఈ రహస్యం పిల్లలకు పొరపాటున కూడా చెప్పకండి. తొండం ఊడినప్పుడు "నేను చెప్పలా?" అనే అవకాశం మీకు పోతుంది.

మేలైన దారి, అచ్చు కొనడం. రెండు ముక్కల అచ్చులో మట్టి కూరి తీస్తే కిరీటంతో సహా దిగుతాడు. తరగతిలో నలభైమంది పిల్లలవీ నలభై వినాయకుళ్లు కవలల్లా వస్తారు. ఏది ఎవరిదో కనుక్కోలేక టీచరు అందరికీ ఒకటే మార్కు వేస్తుంది, గొడవ ఉండదు.

ఒక్క సంగతి మాత్రం వెటకారం కాదు. కళ్లకు గురివింద గింజలు పెట్టడం మన అలవాటే గానీ ఆ గింజ విషం. ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో గురివింద ఉండకూడదు. మిరియాలు పెట్టండి.

6. దసరా: బొమ్మల కొలువు

మన ప్రాంతంలో కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. దానికోసం పిల్లల్ని పక్కనే ఉన్న కొండపల్లికి తీసుకెళ్లాలనిపిస్తే ఆ కోరిక అణుచుకోండి. అక్కడ గుమ్మంలోనే కూర్చుని తెల్లపొణికి కర్ర చెక్కుతుంటారు. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు ఆ కర్ర. ఏనుగు కాళ్లు వేరే, చెవులు వేరే, అంబారీ వేరే చెక్కి, చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఏనుగు మొత్తం ఒక్కసారే పుట్టదనీ, ముక్కలుగా పుట్టి ఒకటవుతుందనీ పిల్లలు కళ్లారా చూస్తే ఇంటికొచ్చి చింతగింజలు నానబోస్తారు. సుద్దముక్కలు, సబ్బుబిళ్లలు చెక్కడం మొదలుపెడతారు.

బొమ్మ మీరే కొనుక్కొచ్చి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయండి. తాడిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ ఉంటుంది చూడండి, దాన్ని మూడేళ్లపాటు అద్దంలోంచి మాత్రమే చూడనిస్తే పిల్లలకు మన సంస్కృతి మీద అమితమైన గౌరవం కలుగుతుంది. దూరం నుంచి.

7. దీపావళి, కార్తీకం: నిప్పూ నీళ్లూ

దివిటీలు కొట్టడం అనే ఆచారం ఒకటుండేది. గోగుకాడ చివర నూనెగుడ్డ చుట్టి, పెద్దవాళ్లు పక్కనుండి వెలిగించి ఇస్తే, పిల్లలు గుమ్మం ముందు నేలకు కొట్టి, కాళ్లు కడుక్కుని వెనక్కి చూడకుండా లోపలికెళ్లి తీపి తినేవాళ్లు. ఇందులో లోపం "పెద్దవాళ్లు పక్కనుండి" అన్న ముక్క. అయిదు నిమిషాలు ఫోను జేబులో పెట్టాలి. దానికన్నా పొద్దుటికల్లా ఆరిపోని చైనా దీపాల దండ వేలాడదీయడం సులువు.

కార్తీక అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామున కృష్ణ ఘాట్లలో అరటి డొప్పల మీద దీపాలు వదులుతారు. అరటిబోదె నుంచి డొప్ప ఊడదీసి చూస్తే లోపలంతా సన్నసన్న గాలి గదులు. అందుకే ఎంత చిన్న ముక్కయినా తేలుతుంది. పిల్లలు అది చూశారంటే బక్కెట్లో నీళ్లు పోసి ఎన్ని ప్రమిదలు పెడితే మునుగుతుందో తేల్చేదాకా వదలరు. కాబట్టి ఘాటు మెట్ల మీద డొప్పలమ్మే ఆవిడ దగ్గర వత్తితో సహా కొనేసి, పిల్లల చెయ్యి దానికి తాకించి మీరే నీళ్లలో వదలండి. పుణ్యానికి తాకిడి చాలు.

8. సంక్రాంతి: పేడ, పిండి, పటం

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వచ్చీరాగానే పల్లెల్లో పిల్లలు ఆవుపేడతో భోగిపిడకలు మొదలుపెడతారు. గారెలా తట్టి, నడిమధ్య వేలితో చిల్లు పెట్టి, గోడకో నేలకో వేసి ఎండబెడతారు. ఎండాక దండ గుచ్చుతారు. ఆ దండలో పెద్దాడు చేసినవి గుండ్రంగా, చిన్నదానివి నలుపలకలుగా, ప్రతిదాని మీదా ఎవరి వేళ్ల గుర్తులు వాళ్లవిగా ఉంటాయి. దండ ఎవరిది పొడుగన్న తగవు భోగిదాకా సాగుతుంది. మీరు ఆన్‌లైన్‌లో తెప్పించండి. ఒకే సైజు, ప్లాస్టిక్ కవరు, ఇంటిదగ్గరకే వస్తాయి. భోగిమంటకు ఏ తేడా తెలియదు.

గొబ్బెమ్మలూ అంతే. పేడముద్ద చేసి, పసుపు కుంకుమ పెట్టి, నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చడానికి పిల్లలు ఎగబడతారు. వాళ్లకు పేడ అసహ్యం లేదు. ఆ అసహ్యం నేర్పే బాధ్యత మనదే, ఐదేళ్లలోపే మొదలుపెట్టాలి. ముగ్గుకు బదులు స్టిక్కరు అతికిస్తే చుక్కలు లెక్కపెట్టే అవస్థ కూడా తప్పుతుంది.

గాలిపటానికి పాత పేపరు, రెండు చీపురుపుల్లలు, అన్నం మెతుకులు చాలు. తోక పొట్టిదైతే గింగిరాలు కొడుతుంది, మరీ పొడుగైతే లేవదు. కాస్త చింపి, కాస్త కట్టి సరిచేసుకుంటూ పిల్లలు పొద్దంతా డాబా మీదే ఉంటారు. ఎగిరేది కొనివ్వండి, అరగంటలో తెగిపోతుంది, కిందికొచ్చి టీవీ చూస్తారు. నైలాన్ మాంజా కొనమని మాత్రం ఇంత చెడ్డ సలహాలిచ్చే నేను కూడా చెప్పను. గొంతులు కోస్తుందనే 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. మామూలు నూలుదారం చాలు.

9. రథసప్తమి: చిక్కుడుకాయ రథం

చిక్కుడుకాయలకు కొబ్బరి ఈనెలు గుచ్చి రథం నిలబెట్టడం కృష్ణా జిల్లా ఇళ్లలో పిల్లల చేతికొచ్చే చివరి పండగ పని. సంక్రాంతి గొబ్బెమ్మలు ఎండి పిడకలై ఉంటాయి. వాటి మీదే పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. డిసెంబరులో కలిపిన పేడ మాఘమాసంలో పొయ్యిలోకి చేరుతుంది. కూరలోకి పోవాల్సిన కాయ సూర్యుడికి రథమవుతుంది. ఈ లెక్క పిల్లలకు అర్థమైతే ప్రతి వస్తువునూ "ఇది తర్వాత ఏమవుతుంది?" అని అడగడం మొదలుపెడతారు. మీ దగ్గర జవాబుండదు. ఇండక్షన్ స్టవ్ మీద పాలు పొంగించి ఊరుకోండి.

10. ఫొటో

ఎవరు చేసినా, ఏది చేసినా, ఫొటోతోనే పూర్తయినట్టు. పిల్ల చేతిలో రంగు అంటని కొత్త బ్రష్షు పెట్టి, బొమ్మ వైపు చూడమనండి. బంధువుల గ్రూపులో "మా చిన్నారి స్వయంగా చేసింది" అని రాయండి. అమెరికాలో ఉన్న పిన్నిగారు చప్పట్ల బొమ్మలు పెడతారు. "ఎంత బాగా చేశావే!" అని మీరు కూడా మెచ్చుకోండి. అప్పుడు పిల్ల ఒకసారి బొమ్మ వంక, ఒకసారి మీ వంక చూస్తుంది. ఆ చూపును పట్టించుకోకండి. ఎవరు చేశారో దానికి తెలుసు.

ఇలా నాలుగేళ్లు పాటిస్తే ఫలితం గ్యారంటీ. మీకు మట్టిపని, కత్తిరింపు, జిగురుపని చక్కగా వస్తాయి. నాన్నగారి గాలిపటం అందరికన్నా పైకెగురుతుంది. పిల్లకు మూడో తరగతిలోనూ కత్తెర పట్టుకోవడం రాదు, "నాకు బొమ్మలు రావు" అనడం మాత్రం చక్కగా వస్తుంది.

చివరగా బడి టీచర్లకు ఒక మనవి. ఇది చిట్కా కాదు. వినాయకుణ్ని ఇంటి నుంచి తెమ్మని పంపకండి. చవితికి ముందు రోజు తరగతిలోనే తలా ఒక మట్టిముద్ద ఇచ్చి ఒక పీరియడ్ వదిలేయండి. తొండం ఊడినవాళ్లకు గీతలు గీకి అతికించడం చూపించండి. కోతులైన వినాయకుళ్లను కూడా కిటికీలో వరసగా పెట్టండి, మార్కులు వేయకండి. ఆ ఒక్క పని మీరు చేస్తే, ఈ చిట్కాలతో ఏ ఇంటికీ పనుండదు.